చట్టము విడిచినను ధర్మము విడుచునా?

జ్ఞానదానము చేయుమని మన ధర్మము చెప్పుచున్నది. ఆ మాటను కాదనువారు మనలో ఎవరును లేరు. కాని ఎవరికి చేయవలెను అను ప్రశ్న వచ్చినప్పుడు సభలో మాటలు తగ్గిపోవును. మన డబ్బుతో మనము కట్టుకొన్న బడిలో, మన పిల్లల ప్రక్కన, ఊరిలోని బీదవాని బిడ్డకు కూడ చోటు ఉండవలెనా? ఉండవలెనన్నచో అది మన దయయా, లేక మన బాధ్యతయా? ఈ చిన్న ప్రశ్నకు మనము ఇచ్చు జవాబును బట్టి రేపటి తరమువారు మనలను ఏమనుకొందురో తేలును. అందుచేత దానినే ఇక్కడ విచారింపదలచితిని. నేను పండితుడను కాను. ఉన్నత పాఠశాలతో చదువు ముగించి దుకాణములో కూర్చున్నవాడను. కావున శాస్త్రము తక్కువగాను, లెక్క ఎక్కువగాను చెప్పెదను.

మొదట వెనుకటి చదువుల సంగతి చూతము. అక్షరాభ్యాసము నాడు బిడ్డ చేయి పట్టి దిద్దించు ‘ఓం నమః శివాయ, సిద్ధం నమః’ అను మాటలనుండియే ‘ఓనమాలు’ అను పేరు వచ్చినది. అందులోని ‘సిద్ధం నమః’ పూర్వపు జైన గురువుల బడులనుండి మిగిలిన గుర్తు అని చరిత్ర వ్రాసినవారు పలువురు అభిప్రాయపడినారు. తెలుగు బిడ్డ ఏ కులమువాడైనను, ఏ దేవుని కొలుచువాడైనను, ఆ మాటతోనే అక్షరములోనికి అడుగు పెట్టినాడు.

లెక్కల సంగతి ఇంతకన్న స్పష్టము. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యులను జైన పండితుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ రచించినాడు. వడ్డీ లెక్కలు, భాగస్థుల వాటాలు, వేరువేరు వన్నెల బంగారము కలిపిన లెక్కలు అందులో కలవు. మనము నేటికిని గల్లాపెట్టె ముందు కూర్చుండి చేయు లెక్కలివి. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మల్లన జైనుడు కాడు. పరమతస్థుని పుస్తకమని ఆయన దానిని విడిచిపెట్టలేదు. పరాయివాడు తీసుకొనిపోయెనని మహావీరాచార్యుని లెక్క ఒక్క వీసమైనను తరగలేదు. పైగా ఆ విధముగానే అది తెలుగువారి సొత్తు అయినది. సొమ్మును పంచినచో మన పాలు తగ్గును. విద్యను పంచినచో తగ్గదు. ఈ భేదమును ఒప్పుకొనక తప్పదు.

ఇక వీధిబడి. అరుగు మీద బడి, ఇసుకలో వ్రేలితో అక్షరములు, తరువాత తాటాకు, గంటము, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుట, తెల్లవారుజామున ఎక్కముల వల్లింపు, తప్పినవానికి గోడకుర్చీ, కోదండము. ఇవి మన తాతల నోట విన్న సంగతులే. కాని జ్ఞాపకములతోపాటు అంకెలు కూడ ఉన్నవి. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని బడులన్నిటిని లెక్కింపుమని కలెక్టరులకు ఉత్తరువు చేసినాడు. 1826 మార్చిలో ఆయన వ్రాసిన పత్రము ప్రకారము ఆ రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉండిరి. దేశమున చదువు లేదని వచ్చినవారికి ఈ లెక్క జవాబు చెప్పినది.

మనవారు తరతరములుగా వ్యాపారము చేసిన బళ్లారి లెక్క మరియు ఆసక్తికరము. అప్పటికి అనంతపురము సీమ కూడ బళ్లారి జిల్లాలోనిదే. అది 1882లోగాని వేరు జిల్లా కాలేదు. కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో 533 బడులు చూపినాడు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవవి 4, ఇంగ్లీషు బడి 1, సంస్కృతమున శాస్త్రములు చెప్పునవి 23. కన్నడము, తెలుగు ఇంచుమించు సమముగా ఉన్నవి. ఒకే సంతలో రెండు భాషలు మాటాడినట్లే ఒకే ఊరిలో రెండు భాషల బడులు నడచినవి. ఎవరును దానిని తగవుగా భావింపలేదు.

చదివిన పిల్లలు మొత్తము 6,641 మంది. బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములని వ్రాసినవారు 1,174, ముసల్మానులు 243. కాబట్టి ఆ అరుగు మీద వర్తకుని కొడుకు ఒక్కడే కూర్చుండలేదు. రైతు కొడుకు, చేతిపనివాని కొడుకు కూడ కూర్చుండిరి. అయినను మిగిలిన అంకె ఒకటి కలదు. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. వెనుకటి కాలము బంగారు కాలమనువారు ఈ 60 అను అంకెను ఒక కాగితము మీద వ్రాసి ఎదుట పెట్టుకొనవలెను. జిల్లా జనాభా తొమ్మిది లక్షలకు మించి ఉండగా బడికి వచ్చినవారు ఏడువేలైనను లేరని క్యాంబెల్ తానే విచారపడినాడు. అర్థము తెలియక పద్యములు చిలుకలవలె వల్లించుచున్నారనియు వ్రాసినాడు. దానికి కారణము కూడ చెప్పినాడు. సీమబట్ట దిగుమతియై మన నేతపని దెబ్బతినగా జనులకు జీతము కట్టి పిల్లలను చదివించు శక్తి తగ్గినదట. బజారు పడినచో బడి కూడ పడునని వర్తకులమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల సంగతిలో మనకు మరియొక సిగ్గు కలదు. జినసేనాచార్యుల ఆదిపురాణము ప్రకారము భగవాన్ ఋషభదేవుడు మొదట విద్య చెప్పినది తన కుమార్తెలకు. బ్రాహ్మికి లిపి, సుందరికి అంకెలు. అనగా మన సంప్రదాయములో తొలి విద్యార్థులు ఇద్దరును ఆడపిల్లలే. ఈ కథ మనము పూజలలో విన్నాము, పటములలో చూచినాము. అయినను కొన్ని తరములు మన యిండ్లలో ఆడపిల్లకు చిట్టా చదువుట వచ్చిన చాలుననుకొన్నారు. పురాణము చెప్పినను, అడ్డుపడు చట్టము లేకున్నను, మన అలవాటు అడ్డుపడినది. అలవాటునే ధర్మమని భ్రమపడుట ఎంత సులభమో దీనిని బట్టి తెలియును. 2001 జనాభా లెక్కలలో దేశమంతట అక్షరాస్యత నూటికి 64.8 ఉండగా జైనులలో 94.1 ఉన్నది. ఆ యెత్తునకు చేరుటకు మన ఆడపిల్లలు చదువుకొనుటయే ముఖ్య కారణము. తలుపు తెరచినందువలన ఇల్లు చెడలేదు, బాగుపడినది.

తరువాత సర్కారు బడులు, పురపాలక సంఘము బడులు, ఉన్నత పాఠశాలలు వచ్చినవి. మన వంటివారికి దీనితోపాటు మరియొక మార్పు కలిగినది. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడి బరంపురము అటు చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు రాగా బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. 1954లో యానాం ఫ్రెంచివారి చేతినుండి వచ్చినది. మన యిండ్లు కదలలేదు, సరిహద్దులు కదిలినవి. పిల్లవాడు ఇంటిలో తెలుగు, బడిలో కన్నడమో, ఒడియానో, అరవమో, మరాఠీయో నేర్చుట మొదలుపెట్టినాడు. మొదట కష్టముగా తోచినను ఆ బడులే మనలను ఆ ఊళ్ళవారిని చేసినవి. ప్రక్కనున్న పిల్లవాని భాష నేర్చినవాడు తరువాత వాని ఊరిలో వ్యాపారము చేయగలిగినాడు. మనకు అన్నము పెట్టినది ఆ కలిసి కూర్చున్న బల్ల.

ప్రజాజీవనములో వచ్చిన మార్పు కూడ దీనికి సంబంధించినదే. పూర్వము ఓటు అందరికిని ఉండెడిది కాదు. ఆస్తియో, పన్నో, చదువో చూపినవానికే ఓటు. పన్ను రసీదు ఉన్న వర్తకునకు ఓటు ఉండెడిది, ఆయన కొట్టులో బస్తాలు మోయు హమాలీకి ఉండెడిది కాదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలలో 21 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునకు ఓటు వచ్చినది. 1989లో ఆ వయసు 18కి తగ్గినది. నేడు హమాలీ ఓటును, కొట్టు యజమాని ఓటును ఒకే పెట్టెలో పడును, ఒకటిగానే లెక్కకు వచ్చును. ఇది సరియైనదే. కాని సమానముగా ఓటు వేయువారు ఒకరి ముఖము ఒకరు చిన్ననాట ఎప్పుడైన చూచినారా అనునది వేరు ప్రశ్న.

వెనుకటి వర్తకులు ప్రజాజీవనములో ఎట్లు నిలిచిరో ఒక ఉదాహరణము చెప్పెదను. మద్రాసులో స్థిరపడిన తెలుగు దేవాంగ కుటుంబమువారు, నేతబట్టల వ్యాపారమున ప్రసిద్ధులు, సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షులుగా ఉన్నప్పుడు 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్నపు ఫలహారము పెట్టు ఏర్పాటు జరిగినది. పిల్లవానికి దినమునకు అణా మించకుండ ఖర్చు. ఆకలితో బడికి రాలేకపోవుచున్న బీదపిల్లలకై చేసిన పని అది. తరువాత 1956లో కామరాజు ప్రభుత్వము, 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము ఆ పనిని రాష్ట్రమంతట విస్తరింపజేసినవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనము దేశమంతట సర్కారు బడులలో పెట్టవలెనని ఉత్తరువు చేసినది. ఒక వర్తకుడు ఒక బడిలో అణా లెక్కతో మొదలుపెట్టినది ఎంతదూరము పోయినదో చూడుడు. ఆయన తన కులము పిల్లలకు మాత్రమే పెట్టియుండినచో అది ఒక సత్రము లెక్కలో పోయెడిది.

నేడు మన స్థితి వేరుగా ఉన్నది. కలిగినవారు పురపాలక సంఘము బడిని విడిచినారు. వారితోపాటు ఆ బడి మంచిచెడ్డలు అడుగు గొంతుకయు విడిచిపోయినది. ఉపాధ్యాయుడు రాకున్న, కప్పు కారుచున్న, వెనుక ఊరి పెద్ద వెళ్ళి అడిగెడివాడు, ఏలయనగా ఆయన మనుమడును అందులోనే ఉండెడివాడు. ఇప్పుడు మనుమడు మరియొక బడిలో ఉన్నాడు. జీతము లక్షలలో ఉన్న బడి ఒకటి, అసలు జీతము లేని బడి ఒకటి, ఈ రెండింటి పిల్లలకు నడుమ మాట లేదు. చదువు సరుకు అయినది అని కొందరు నిందింతురు. సరుకును నేను తక్కువ చేయను, దాని మీదనే బ్రతికినవాడను. కాని దుకాణములో అమ్మకూడనిది ఒకటి ఉండును. అది తూకపురాయి. సరుకులో హెచ్చుతగ్గు రకములు ఉండవచ్చును. రాయి మాత్రము ఒక దుకాణములో ఒక బరువు, ఇంకొక దుకాణములో ఇంకొక బరువు ఉండరాదు. చదువు అట్టి తూకపురాయి. దానితోనే మనిషి తన బ్రతుకును, ఇతరుని మాటను తూచుకొనును.

ఇప్పుడు చట్టము సంగతి. 2002లో రాజ్యాంగమునకు చేసిన 86వ సవరణ 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు చదువును హక్కుగా చేసినది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. సర్కారు సహాయము పుచ్చుకొనని ప్రైవేటు బడులు కూడ ఒకటవ తరగతిలో నాల్గవ వంతు చోట్లు చుట్టుప్రక్కల బీదపిల్లలకు, వెనుకబడిన వర్గముల పిల్లలకు ఇయ్యవలెననియు, వారి ఖర్చు సర్కారు తన లెక్క ప్రకారము తిరిగి ఇచ్చుననియు అందులో ఉన్నది. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు ఇచ్చినది. 2014 జనవరి 27న కేంద్ర ప్రభుత్వము జైనులను జాతీయ అల్పసంఖ్యాక వర్గముగా ప్రకటించినది. అదే సంవత్సరము మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము అల్పసంఖ్యాకుల బడులకు విద్యాహక్కు చట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును పెద్ద ధర్మాసనము మరల చూడవలెనని 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడినారు. న్యాయస్థానము రేపు ఏమి చెప్పినను, ఆ తీర్పు మనలను విడిచిన నాటినుండి మన ముందు ఒక ప్రశ్న నిలిచియే ఉన్నది. చట్టము విడిచిన బాధ్యతను ధర్మము కూడ విడిచినట్లేనా?

విడిచినట్లేననువారి వాదమును తేలికగా తీసివేయరాదు. అందులో బలము కలదు. వారి మొదటి మాట: మనము కొద్దిమందిమి. 2011 లెక్కలలో దేశమంతట జైనులు 44,51,753 మంది. నూటికి ఒక్కరైనను కాము. ఇంత చిన్న సమాజము తన భాషను, ఆచారమును, ఆహారనియమమును కాపాడుకొనవలెనన్న తన బడి తనకు ఉండవలెను గదా. రెండవ మాట: ఇతర యిండ్లనుండి వచ్చు పిల్లలతో ఆహారము, అలవాట్లు కలిసిపోయి మన పిల్లల నియమము సడలును. మూడవ మాట: ఖర్చు. సర్కారు తిరిగి ఇచ్చునదేమో, ఇచ్చిన ఎప్పుడో. జీతము కట్టు తల్లిదండ్రులపై ఆ భారము వేయుట న్యాయమా?

మొదటి మాటకు నా సమాధానము ఇది. 30వ అధికరణము మనకు తలుపు మీద అధికారము ఇచ్చినది, తలుపు మూసియుంచుమని చెప్పలేదు. కాపాడుకొనుటకు, దాచిపెట్టుటకు భేదమున్నది. మన చరిత్రలోనే దానికి పెద్ద సాక్ష్యము ఉన్నది. షట్ఖండాగమమునకు వీరసేనాచార్యుల ధవల టీక మూడబిదిరెలో తాటాకులపై శతాబ్దముల తరబడి భద్రముగా ఉండినది. భక్తులు దర్శించిరి, నమస్కరించిరి. చదివినవారు లేరు. దానిని వెలికి తీసి అచ్చువేయుట అపచారమని శంకించినవారును ఉండిరి. 1939లో హీరాలాల్ జైన్ గారి సంపాదకత్వమున మొదటి సంపుటము వెలువడినది, క్రమముగా 16 సంపుటములు పూర్తియైనవి. తాళపత్రము పవిత్రత తగ్గలేదు. గ్రంథము బ్రతికినది. కాపాడినవారికి మనము ఋణపడియున్నాము, తెరచినవారికి అంతకన్న ఎక్కువ ఋణపడియున్నాము.

రెండవ మాట ఆహారము సంగతి. మన బడి వంటయింటిలో మన నియమమే నడచును. దానిని మార్చుమని ఎవరును అడుగరు. వచ్చిన బిడ్డ అక్కడ పెట్టినది తినును. అహింస మనము పుస్తకములో వ్రాసికొన్న మాట మాత్రమే కాకున్నచో, అది పుట్టుకతో ఎరుగనివానికే ముందు తెలియవలెను. తెలియవలెనన్నచో వాడు మన గడప లోపలికి రావలెను. గడప బయట నిలిపి అహింస నేర్పుట ఎట్లు? అయితే మనము కూడ ఒక నియమము పాటింపవలెను. ఆ బిడ్డ ఇంటిలో ఏమి వండుకొందురో అడిగి, నలుగురిలో వాని తల వంచునట్లు చేయరాదు. ఒక పసివాని మనసు నొప్పించుట కూడ హింసయే అని మన శాస్త్రము చెప్పుచున్నది. నియమము సడలుననెడి భయమునకు కూడ జవాబు ఇందులోనే ఉన్నది. వేరొకని ప్రక్కన కూర్చున్నంత మాత్రమున ఊడిపోవు నియమము ఇంట సరిగా నాటలేదని అర్థము. మన పిల్లవాడు పెద్దవాడై కళాశాలకు, ఉద్యోగమునకు, పరదేశమునకు పోయినప్పుడు ఎట్లును అందరి నడుమ ఉండవలసినవాడే. అనేకాంతము మన సిద్ధాంతము. ఒక వస్తువును ఒక వైపునుండియే చూచినవాడు పూర్తిగా చూడలేదని మనమే చెప్పుచున్నాము. ఒకే రకపు ఇండ్లనుండి వచ్చిన పిల్లలతో నిండిన తరగతిలో కూర్చున్నవానికి రెండవ వైపు ఎవరు చూపుదురు?

మూడవది ఖర్చు. ఇది మన విద్య కాబట్టి లెక్క వేసియే చూతము. తరగతిలో 40 చోట్లు అనుకొందము. నాల్గవ వంతు 10. ఆ పదిమంది పూర్తి ఖర్చు మిగిలిన 30 మందిపై పంచినచో ఒక్కొక్కరికి మూడవ వంతు జీతము పెరుగును. అది భారమే, కాదనను. కాని ఉపాధ్యాయుని జీతము 30 మందికైనను 40 మందికైనను ఒకటే. భవనము మన దాతలు కట్టినదే. చోట్లు ఖాళీగా ఉన్నచోట కొత్తగా పడు ఖర్చు పుస్తకములు, బట్టలు, భోజనము మాత్రమే. చోట్లన్నియు నిండుచున్న బడిలో పోవు జీతమును సంఘ నిధి భరింపవచ్చును, తల్లిదండ్రులపై వేయనక్కరలేదు. నాల్గవ వంతు ఒక్కసారిగా కష్టమైనచో పదింట ఒకటితో మొదలుపెట్టవచ్చును. త్యాగరాయ చెట్టిగారు కూడ ఒక్క బడితోనే మొదలుపెట్టిరి.

డబ్బు లేక ఆగినదానికన్న మనసు లేక ఆగినదే ఎక్కువ అనుటకు మహారాష్ట్రలోని మనవారి చరిత్ర చాలును. కొల్హాపురము జిల్లా కుంభోజలో 1887లో ఒక జైన కుటుంబమున భావురావ్ పాటిల్ జన్మించినారు. కొల్హాపురములో జైన విద్యార్థుల వసతి గృహమున ఉండి చదువుకొనుచుండగా అంటరానివారి వసతి గృహము ప్రారంభోత్సవమునకు వెళ్ళినందుకు, తిరిగి వచ్చి శుద్ధిస్నానము చేయనన్నందుకు, ఆయనను అక్కడినుండి పంపివేసినారు. పంపివేసినవారు దుర్మార్గులు కారు. మన పిల్లలకు చదువు చెప్పించుటకు పాటుపడిన పెద్దలే. వారికి మన పిల్లలు కనిపించిరి, ఆయనకు ఊరి పిల్లలందరును కనిపించిరి. 1919లో ఆయన రయత్ శిక్షణ సంస్థ స్థాపించినారు. 1924లో సాతారాకు మార్చి అన్ని కులముల పిల్లలు ఒకేచోట ఉండి, ఒకేచోట తిని, పనిచేయుచు చదువుకొను వసతి గృహము నడిపినారు. 1927లో గాంధీజీ అక్కడికి వచ్చినారు. పిల్లలకు అన్నము లేని దినమున భార్య లక్ష్మీబాయిగారు తన నగలు, చివరకు మంగళసూత్రము కూడ అమ్మి బియ్యము తెప్పించినారు. ఆయన 1959లో కాలధర్మము చెందిరి. ఆ సంస్థ నేడు వందలకొలది పాఠశాలలు, కళాశాలలు నడుపుచున్నది. పెద్ద చదువు చదివినవారు కారు, పెద్ద ధనికులును కారు. ఆయన పేరు చెప్పినప్పుడు మనము ‘మన జైనుడు’ అని గర్వపడుచున్నాము. గర్వపడుటకు మనకు హక్కు కలదా అని ఒక్క నిమిషము ఆలోచింపవలెను. ఆయన చేసిన పనిని ఆనాడు మనవారు వలదనిరి గదా.

ఇక శాస్త్రమునకు వత్తును. జినసేనాచార్యులు ఆదిపురాణమున గృహస్థుని దానమును నాలుగు విధములుగా చెప్పినారు. దయాదత్తి, పాత్రదత్తి, సమదత్తి, అన్వయదత్తి. అన్వయదత్తి తన వంశమునకు ఇచ్చునది. సమదత్తి తనతో సమానులైన సాధర్మికులకు ఇచ్చునది. పాత్రదత్తి మునులవంటి యోగ్యులకు ఇచ్చునది. దయాదత్తి అభయము కోరు సమస్త ప్రాణులకు ఇచ్చునది. మన చదువుల ఖర్చును ఈ నాలుగు పద్దులలో వేసి చూతము. కొడుకు వైద్య విద్యకు, కూతురు ఇంజనీరింగుకు పెట్టునది అన్వయదత్తి. ఆ పద్దు నిండుగా ఉన్నది. మన వసతి గృహములు, విద్యార్థి వేతనములు సమదత్తి. ఆ పద్దు కూడ బాగుగనే ఉన్నది, అందుకు మన పెద్దలకు నమస్కారము. మునిసేవలో మనకు లోటు లేదు. ఆవులకు గ్రాసము, పక్షులకు గింజలు వేయుటలోను మనము ముందున్నాము. నాల్గవ పద్దులో ఊరి బీదబిడ్డ చదువు అను వరుస మాత్రము చాలచోట్ల ఖాళీగా కనిపించుచున్నది. పక్షికి గింజ వేయు చేయి ప్రక్కవీధి బిడ్డకు పలక ఇయ్యలేదనిన లెక్క కుదురుట లేదు.

ఇంకొక మాట. దానిని దయ అనుట కూడ పూర్తిగా సరి కాదేమో. మన దుకాణములో కొన్నది ఊరివారు. మన బస్తాలు మోసినది ఊరివారు. కరువులో, అల్లరులలో మన కొట్టుకు కాపలా ఉన్నది ఊరివారు. తాతముత్తాతలు వచ్చిననాడు భాష రాని మనకు చోటిచ్చినది ఊరివారు. ఇన్ని జమలు ఉన్న ఖాతాలో మనము వ్రాయు ఖర్చును దానము అందుమా, బాకీ తీర్చుట అందుమా? నా మట్టుకు నేను బాకీ అనియే అందును. పరిగ్రహమునకు పరిమాణము పెట్టుకొనుమన్న అణువ్రతము కూడ ఇదే చెప్పుచున్నది. మితిమీరినది మనది కాదు, మనవద్ద ఉన్నది అంతే.

కావున మన సంఘములు ఆలోచింపదగిన సంగతులు కొన్ని మనవి చేయుచున్నాను. మన యాజమాన్యమునందున్న ప్రతి బడిలో, చట్టము అడిగినను అడుగకున్నను, కొన్ని చోట్లు చుట్టుప్రక్కల బీదపిల్లలకు విడువవలెను. ఆ పిల్లలను వేరు విభాగములో, వేరు వేళలలో కూర్చుండబెట్టరాదు. బట్టలు, పుస్తకములు, బల్ల ఒకటే ఉండవలెను. ఏ బిడ్డ జీతము ఎవరు కట్టుచున్నారో తరగతిలో ఎవరికిని తెలియరాదు. గుప్తదానము మన పెద్దల మాటయే. ఇటువంటి సంచికలలో దాతల ఫోటోలు వేయుట తగును, పుచ్చుకొన్న బిడ్డ ఫోటో వేయుట తగదు. మనకు బడి లేని ఊళ్ళలో దగ్గరనున్న సర్కారు బడిని ఒకదానిని మనదిగా చూచుకొనవలెను. డబ్బు ఇచ్చుటకన్న నెలకొకసారి వెళ్ళి అడుగుట ముఖ్యము. అడుగువారు లేకనే అవి చిక్కినవి. సాయంకాలమున మన పిల్లలకు తెలుగు అక్షరములు చెప్పు చోట, నేర్వగోరిన ఊరి పిల్లలను కూడ రానియ్యవలెను. మన భాష బ్రతుకుటకు అదియు ఒక మార్గము.

ఇవి చేయుటవలన నష్టము రాదని నేను చెప్పను. కొన్నిచోట్ల తల్లిదండ్రులు గొణుగుదురు. కొన్నిచోట్ల పిల్లలు కలియుటకు ఏడాది పట్టును. కొందరు మన మంచిని వాడుకొని పోవుదురు. వ్యాపారములో ఇవన్నియు చూచిన మనకు ఇవి క్రొత్త కావు. కొంత తరుగు లేని సరుకు లేదు. కాని 60 మంది ఆడపిల్లల కాలమునుండి నేటి వరకు చూచినచో, తెరచిన తలుపు వలన మనము చెడిన సందర్భము ఒక్కటియు నాకు కనిపించుట లేదు. మూసిన తలుపుల వలన చెడినవి మాత్రము కనిపించుచున్నవి.

చట్టము తక్కువలో తక్కువ ఎంతయో చెప్పును. తూకములో మోసము చేయవద్దనునంతవరకే దాని పని. ముల్లు సరిగా నిలిచిన తరువాత కొసరు వేయుమని ఏ చట్టమును చెప్పదు. అయినను మన తాతలు కొసరు వేసిరి, ఆ కొసరు చూచియే జనులు మన కొట్టుకు వచ్చిరి. చదువులో కూడ మన పేరు ఆ కొసరు వలననే నిలువవలెను. ఈ సంచిక చేతబట్టిన సోదర సోదరీమణులందరును తమ తమ ఊళ్ళ సభలలో ఈ సంగతి చర్చింతురని, మరుసటి సంచిక నాటికి ఒక్క బడిలోనైనను ఒక్క బల్ల నిండినదని వినగలనని ఆశించుచున్నాను.

జై జినేంద్ర.